సంక్రాంతికి కోనసీమ: పద్నాలుగు మందిమి, నాలుగు రోజులు. ఎలా తిరిగితే బావుంటుంది?

పున్నాగ (డిసెంబర్ 3, రాత్రి 9:20)
అందరికీ నమస్కారం. హైదరాబాదులో ఒకే అపార్టుమెంటులో ఉండే నాలుగు కుటుంబాలవాళ్ళం. మొత్తం పద్నాలుగు మందిమి. అందులో పిల్లలు ఐదుగురు, పెద్దవాళ్ళు ఇద్దరు. మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. పోయిన వేసవిలో గోవా వెళ్ళొచ్చాం. తిరిగొచ్చే రైల్లో మా అబ్బాయి, "మనకి సముద్రం, ద్వీపాలు లేవా?" అని అడిగాడు. ఉన్నాయని చెప్పాను గానీ నేనే ఎప్పుడూ చూడలేదు.

అందుకే ఈ సంక్రాంతికి కోనసీమ అనుకున్నాం. భోగి నాడు పొద్దున రాజమండ్రిలో రైలు దిగుతాం, ముక్కనుమ రాత్రి తిరుగు ప్రయాణం. చూడాలని రాసుకున్నవి ఇవి: ధవళేశ్వరం, ఆత్రేయపురం, ర్యాలి, వాడపల్లి, ద్రాక్షారామం, కోరంగి మడ అడవులు, యానాం, అయినవిల్లి, ఓడలరేవు బీచి, జగ్గన్నతోట ప్రభలు, అప్పనపల్లి, దిండి పడవ, అంతర్వేది. పులస చేప కూడా తినాలని మగవాళ్ళ కోరిక. ఇవన్నీ కుదురుతాయా? ఎక్కడ దిగాలి? తెలిసినవాళ్ళు చెప్పండి.

రావులపాలెం అరటిగెల (డిసెంబర్ 3, రాత్రి 10:05)
కుదురుతాయండి. రెండు టెంపోలు మాట్లాడుకుని తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరితే రోజుకి నాలుగు చోట్లు సుళువుగా అవుతాయి. మా చుట్టాలు అలాగే తిరిగారు.

లంక రైతు (డిసెంబర్ 4, ఉదయం 5:40)
అమ్మా పున్నాగ గారూ, మాది ముక్తేశ్వరం దగ్గర గోదావరి లంక, అంటే ఏటి మధ్య మేట వేసిన నేల. పై తమ్ముడు చెప్పింది మామూలు రోజుల్లో సరిపోతుందండి, పండగ మూడు రోజుల్లో కాదు. కోనసీమంటే ఒక పక్క గోదావరి పాయ గౌతమి, ఒక పక్క ఇంకో పాయ వశిష్ఠ, కింద సముద్రం. మధ్యలో వైనతేయ పాయ మళ్ళీ దాన్ని చీలుస్తుంది. పటం మీద రెండూళ్ళు పక్కపక్కనే కనబడతాయి, వెళ్దామంటే మధ్యలో ఏరు అడ్డం. వంతెన ఉంటే వంతెన దాకా చుట్టు తిరగాలి, లేకపోతే రేవులో పంటు కోసం, అంటే బళ్ళనీ మనుషుల్నీ దాటించే పెద్ద పడవ కోసం, నిలబడాలి. పండగకి ఊళ్ళకొచ్చే కార్లన్నీ ఆ కాలవగట్టు రోడ్ల మీదే ఉంటాయి.

మీ జాబితాలో కోరంగి, యానాం, ద్రాక్షారామం గౌతమికి అవతల ఉన్నాయి. వాటిని ఈసారికి వదిలేయండి. అవి కాకినాడలో దిగి వేరేగా రెండ్రోజులు చూడాల్సినవి. మీరు అమలాపురంలో ఒకేచోట దిగి, అక్కడి నుంచే తిరగండి. రోజూ పెట్టెలు సర్దుకునే పని పెట్టుకోవద్దు, పెద్దావిడకి కష్టం.

ఇంకో మాట. కనుమనాడు కాకైనా కదలదంటారు మావాళ్ళు. ఆ రోజు ప్రయాణాలు పెట్టుకోం. ప్రభల తీర్థానికి వెళ్ళడం, గారెలు తినడం, అంతే. మీరూ ఆ రోజు అలాగే ఉండండి.

వరంగల్ చింతచెట్టు (డిసెంబర్ 4, ఉదయం 8:15)
నేనూ ఆ పద్నాలుగు మందిలో ఒకణ్ణి. మరి పులస సంగతేంది? దాని కోసమే నేను ఒప్పుకున్న.

పాలకొల్లు పెద్దక్క (డిసెంబర్ 4, ఉదయం 11:30)
తమ్ముడూ, సంక్రాంతికి పులస ఉండదు. గోదారికి ఎర్రనీళ్ళు దిగినప్పుడు, అంటే ఆషాఢ శ్రావణాల్లో, సముద్రంలోంచి ఈ చేప గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురెక్కుతుంది. సముద్రంలో ఉన్నంత కాలం అది ఇలస. ఏటి నీళ్ళలో ఈదుతూ ఈదుతూ ఉప్పదనం పోయి కొవ్వు పట్టాకే పులస అవుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట దాటి పైకి పోలేదు కాబట్టి దొరికేదంతా ఈ మధ్యనే. జనవరిలో ఎవరైనా పులస అని పెడితే అది మంచులో దాచిందో, ఎక్కణ్ణుంచో తెచ్చిన ఇలసో అయ్యుంటుంది. డబ్బు పోసి మోసపోవద్దు. పుస్తెలమ్మైనా తినమన్నారు గానీ కాలం కాని కాలంలో తినమనలేదు కదా.

చలికాలానికి ఉండేవి వేరే ఉన్నాయి. పీతల పులుసు, రొయ్యల ఇగురు, బొమ్మిడాయల పులుసు అడగండి. ఎవరిదైనా ఇంట్లో తినే వీలుంటే ఆవపెట్టిన పనసపొట్టు కూర, కందా బచ్చలీ వదలొద్దు. అవి హోటల్లో రుచి రావు. పనసపొట్టు సన్నగా కొట్టడానికే ఒక మనిషి గంటసేపు కూర్చోవాలి. ఆవ నూరి, కూర దించి చల్లారాక కలపాలి. వేడి మీద కలిపితే చేదెక్కుతుంది. తేగలు ఇప్పుడే వస్తాయి. తాటి టెంకలు పాతర వేసి, మొలిచాక తవ్వి, కాల్చిగానీ ఉడకబెట్టిగానీ తింటాం. పిల్లలకి పీచు తీసి ఇవ్వండి.

అమలాపురం పిల్ల (డిసెంబర్ 4, మధ్యాహ్నం 1:10)
అక్కా, టిఫిను సంగతి నేను చెప్తాను. కనుమ పొద్దున్న అంబాజీపేటలో పొట్టిక్కలు తినండి. పనసాకులు నాలుగు తీసుకుని ఈనెపుల్లలతో బుట్టలా గుచ్చి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆకు విప్పగానే వచ్చే వాసన కోసమే తినాలి. త్వరగా అయిపోతాయి, పొద్దున్నే వెళ్ళండి. అక్కడి నుంచి జగ్గన్నతోట దగ్గరే.

గదులు మాత్రం ఈ వారంలోనే మాట్లాడుకోండి. పండక్కి ఊరంతా బయటినుంచి వచ్చినవాళ్ళే, ఆఖర్న వెతికితే దొరకవు.

రేవు మాస్టారు (డిసెంబర్ 4, సాయంత్రం 6:45)
నేను సఖినేటిపల్లి వైపువాణ్ణి, బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. రెండు విషయాలు చెప్తాను.

మొదటిది, రాజమండ్రి నుంచి హైవే పట్టుకుని రావులపాలెం రాకండి. ధవళేశ్వరం ఆనకట్ట మీదుగా బొబ్బర్లంకలో దిగి కాలవ పక్కనే రండి. ఆనకట్ట మీద బండి నెమ్మదిగా పోనిచ్చి పిల్లలకి చూపించండి. గోదావరి అక్కడే పాయలుగా విడిపోతుంది. 1852లో కాటన్ దొర మొదటి ఆనకట్ట పూర్తి చేసేదాకా ఈ నేల వరదకో కరువుకో బలయ్యేది. ఇవాళ మా పల్లెల్లో గుర్రమెక్కిన ఆయన విగ్రహం ఎందుకుందో, పచ్చని చేను ఎందుకుందో ఆ నీళ్ళు చూస్తేనే పిల్లలకి అర్థమవుతుంది. ఆ దారిలోనే లొల్ల లాకులు, ఆత్రేయపురం వస్తాయి. ర్యాలి కూడా ఆ మండలంలోనిదే. జగన్మోహినీ కేశవస్వామి విగ్రహం ముందువైపు విష్ణువు, వెనకవైపు మోహిని. పూజారి గారు దీపం పట్టి చూపిస్తారు.

రెండోది, ముక్కనుమ నాడు అంతర్వేది చూసుకుని మళ్ళీ అమలాపురం రాకండి. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి వశిష్ఠ దాటితే నరసాపురం. అక్కడి నుంచే హైదరాబాదుకి రైలుంది. వచ్చిన దారి, పోయే దారి వేరైతే ద్వీపం చుట్టి వచ్చినట్టవుతుంది.

కోడిపందాల గురించి మీరు అడగలేదు, మంచిది. చట్టం ఒప్పదు, పిల్లలతో అసలే వద్దు.

సరుగుడు తోట (డిసెంబర్ 5, ఉదయం 7:00)
మాది ఓడలరేవు దగ్గర. మా నాన్న, అన్నయ్య వేటకి వెళ్తారు. బీచి గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తున్నాను, దయచేసి పెద్దలంతా చదవండి.

గోవాలో లాగా ఇక్కడ కాపలావాళ్ళు, జెండాలు ఉంటాయనుకోవద్దు. ఓడలరేవు దగ్గర వైనతేయ, అంతర్వేది దగ్గర వశిష్ఠ సముద్రంలో కలుస్తాయి. ఏరు కలిసే చోటుని మేం మొగ అంటాం. మొగ దగ్గర నీళ్ళు పైకి నున్నగా, ప్రశాంతంగా కనబడతాయి. అలలు తక్కువ కదా అని పట్నంవాళ్ళు సరిగ్గా అక్కడే దిగుతారు. అడుగున ఏటి నీరు సముద్రంలోకి లాక్కుపోతూ ఉంటుంది, ఇసక మేట రోజుకోచోటికి మారుతుంది. నిన్న మోకాలి లోతున్నచోట ఇవాళ మనిషి లోతుండొచ్చు. పాటు మీద, అంటే నీరు వెనక్కి తీసే వేళ, ఇంకా ప్రమాదం. మూడేళ్ళ కిందట పండక్కి వచ్చిన ఒక కుర్రాణ్ణి మా అన్నయ్యవాళ్ళే వలవేసి తీశారు. అప్పటికే ఆలస్యమైపోయింది. వాళ్ళమ్మ మా ఇంటి అరుగు మీదే కూర్చుని ఉంది ఆ సాయంత్రమంతా. నేను మర్చిపోలేను.

అందుకని మొగకి బాగా దూరంగా ఉండండి. మోకాలు దాటి వద్దు. దిగేముందు ఒడ్డున వల బాగుచేసుకునేవాళ్ళని ఒక్కమాట అడగండి, ఎవరైనా చెప్తారు. సాయంత్రం ఎండ తగ్గాక రండి. సరుగుడు తోటల్లో గాలి ఎంత బావుంటుందో కూర్చుని చూడండి.

పున్నాగ (డిసెంబర్ 5, రాత్రి 9:50)
చదివి మా పిల్లలకి వినిపించాను. ఎవరూ మాట్లాడలేదు. మోకాలు దాటబోమని మాటిచ్చారు. ధన్యవాదాలమ్మా.

జాబితా సగానికి తగ్గించాం. ఇప్పుడిలా అనుకుంటున్నాం: భోగి నాడు ధవళేశ్వరం, ఆత్రేయపురం మీదుగా అమలాపురం. సంక్రాంతి నాడు పొద్దున అయినవిల్లి వినాయకుడు, సాయంత్రం ఓడలరేవు. కనుమకి జగ్గన్నతోట. ముక్కనుమకి అప్పనపల్లి, అంతర్వేది, పంటు, నరసాపురం. దిండి పడవ ప్రయాణం తీసేశాం.

ప్రభల గురించి ఎవరైనా వివరంగా చెప్పరూ? ఏ గుడికి వెళ్ళాలి?

లంక రైతు (డిసెంబర్ 6, ఉదయం 5:55)
గుడి లేదమ్మా. అదే జగ్గన్నతోట గొప్పతనం. అది వట్టి కొబ్బరితోట. మొసలపల్లి పొలిమేరలో ఉంది. కనుమ నాడు పదకొండు ఊళ్ళ శివుళ్ళు, ఏకాదశ రుద్రులు, ప్రభల మీద అక్కడికి వచ్చి కొలువు తీరతారు. మొసలపల్లి భోగేశ్వరుడు ఆతిథ్యమిచ్చే ఇంటాయన. అందుకని అందరికంటే ముందొచ్చి, అందర్నీ సాగనంపాకే వెళ్తాడు. వ్యాఘ్రేశ్వరం ప్రభ రాగానే మిగతా ప్రభలన్నిటినీ ఒక్కసారి పైకెత్తుతారు. పెద్దాయన వస్తే మనం లేచి నిలబడమా, అలాగ.

ప్రభంటే వెదురుతో కట్టి రంగు గుడ్డలు, నూలు, పూలు, గంటలతో అలంకరించిన పెద్ద పలక. మధ్యలో స్వామి. ఇల్లంత ఎత్తుంటుంది. బండి ఉండదు, భుజాల మీదే మోస్తారు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలైతే వరిచేల మీదుగా వచ్చి కౌశిక అనే ఏట్లోకి దిగుతాయి. పీకల్లోతు నీళ్ళలో కుర్రాళ్ళు "శరభా శరభా" అంటూ ప్రభ తడవకుండా దాటిస్తారు. చేను తొక్కుతున్నారని రైతు బాధపడడు. స్వామి మా చేలోంచి నడిచాడు, ఈ ఏడు బాగా పండుతుంది అనుకుంటాడు. నేనూ చిన్నప్పుడు భుజం పట్టాను. మర్నాడు చెయ్యి లేవదు.

ఆ కౌశిక గట్టు మీద చోటు కావాలంటే పన్నెండింటికే వెళ్ళి నిలబడాలి. మీ అత్తగారిని మాత్రం గట్టు మీదకి తీసుకెళ్ళకండి. తోటలోనే నీడ చూసి కుర్చీ వేయండి.

దుబాయ్ కొబ్బరాకు (డిసెంబర్ 6, మధ్యాహ్నం 3:30)
మాది పుల్లేటికుర్రు. ఆరేళ్ళైంది పండక్కి ఇంటికి రాక. 2023 రిపబ్లిక్ డే నాడు ఢిల్లీలో ఆంధ్రా శకటంగా మన ప్రభలు వస్తుంటే ఇక్కడ గదిలో ఆరుగురం లేచి నిలబడ్డాం.

పున్నాగ గారూ, ఒక్కటే మనవి. పోయినేడు తమ్ముడు పంపిన వీడియోల్లో కొందరు సెల్ఫీల కోసం ప్రభ మోసేవాళ్ళకి అడ్డం నిలబడ్డారు. మోసేవాడికి కాలు ఆగితే బరువంతా పక్కవాడి మీద పడుతుంది. దారి వదిలి పక్కగా నిలబడి చూడండి. ప్లాస్టిక్ సీసాలు చేలో వేయొద్దు. కుదిరితే మా ప్రభ ఫొటో ఒకటి ఇక్కడ పెట్టండి.

పాలకొల్లు పెద్దక్క (డిసెంబర్ 6, సాయంత్రం 4:15)
దుబాయ్ తమ్ముడూ, వచ్చే ఏడు నువ్వూ వస్తావు. ఆత్రేయపురం గురించి ఒక మాట. పూతరేకులు పెట్టె కొనుక్కుని వచ్చేయకండి. రేకు తీసే చోట పది నిమిషాలు నిలబడండి. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట. పల్చటి బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి కుండ మీద ఇలా పరిచి అలా లాగేస్తారు. ఆ క్షణంలో కాగితం కంటే పల్చటి రేకు లేస్తుంది. 2023లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పొగ దగ్గర రోజంతా కూర్చునేది ఆడవాళ్ళే, కళ్ళు మండుతూనే ఉంటాయి. అది చూశాక పెట్టె ధర దగ్గర బేరమాడాలనిపించదు. బెల్లంవి తీసుకోండి, నేతివి అని అడిగి తీసుకోండి.

లంక రైతు (డిసెంబర్ 6, రాత్రి 8:20)
అమ్మా, మా ఇంటావిడ చెప్పమంది. సంక్రాంతి నాడు మీరు అయినవిల్లి వస్తున్నారు కదా. అక్కడి నుంచి మా ఇల్లు దగ్గరే. పద్నాలుగు మందీ మధ్యాహ్నం మా ఇంట్లో భోంచేయాలి. పండగపూట హోటల్లో తినడమేంటండి. ఫోన్ నంబరు వేరేగా మెసేజీ పెట్టాను.

పున్నాగ (డిసెంబర్ 6, రాత్రి 8:55)
అన్నయ్య గారూ, పద్నాలుగు మంది అంటే మాటలు కాదు. మీకు ఇబ్బంది.

లంక రైతు (డిసెంబర్ 6, రాత్రి 9:10)
ఇబ్బందేంటమ్మా. మా పక్క లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు వేళకాని వేళ వచ్చినవాళ్ళకి కూడా వండి పెట్టారు. వైనతేయ మీద అక్విడక్టుకి, అంటే కాలవని ఏటి మీదుగా దాటించే వంతెనకి, ఆవిడ పేరే పెట్టుకున్నాం. మీరు చెప్పి మరీ వస్తున్నారు. రండి.

పున్నాగ (జనవరి 19, రాత్రి 10:30)
క్షేమంగా తిరిగి వచ్చాం. ఇంత మందిమి ఇంత తక్కువ తిరిగి ఇంత తృప్తిగా ఎప్పుడూ రాలేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను, తరవాత వెళ్ళేవాళ్ళకి పనికొస్తుంది.

రైలు మూడు గంటలు ఆలస్యం. భోగిమంట రాజమండ్రి వీధుల్లో చల్లారాక దిగాం. ఆనకట్ట మీద బండి ఆపనివ్వలేదు, కిటికీల్లోంచే చూశాం. ర్యాలి వెళ్ళలేకపోయాం, గుడి మూసే వేళైంది. కానీ ఆత్రేయపురంలో ఒక అరుగు మీద గంట కూర్చున్నాం. రేకు తీసే ఆవిడ మా అమ్మాయి చేతికి గుడ్డ ఇచ్చి చెయ్యమంది. నాలుగు రేకులు చిరిగాయి, అయిదోది లేచింది. ఆ చిరిగిన రేకులు ఇంటిదాకా దాచుకుంది పిల్ల.

లంక రైతు అన్నయ్య గారింట్లో సంక్రాంతి భోజనం గురించి ఎలా రాయాలో తెలియడం లేదు. అరిటాకులు వాళ్ళ దొడ్లోవే. పనసపొట్టు కూర, కందా బచ్చలీ, పులిహోర, బూరెలు, గుమ్మడికాయ దప్పళం, గడ్డ పెరుగు. వరంగల్ అన్న పులస మాట మళ్ళీ ఎత్తలేదు. మూడుసార్లు పనసపొట్టు వేయించుకున్నాడు. మా అత్తగారు కిందకి వంగలేరని వదిన గారు ముందే బల్ల వేసి ఉంచారు. ఎవరూ చెప్పకుండానే, ఇక్కడ రాసిన ఒక్క ముక్క గుర్తుపెట్టుకుని. భోజనాలయ్యాక పిల్లల్ని గట్టు దాటించి ఏటి దగ్గరికి తీసుకెళ్ళారు అన్నయ్య గారు. వరదకి నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో ఇంటి గోడ మీద గీతలు చూపించారు. మా అబ్బాయి ఎత్తుకి పైనే ఉంది ఒక గీత. "ఇంత వస్తే మీరెక్కడికి వెళ్తారు?" అన్నాడు వాడు. "పడవలో గట్టు మీదకి. నీళ్ళు తీశాక మళ్ళీ ఇక్కడికే" అన్నారాయన.

ఓడలరేవులో మోకాలు దాటలేదు. ఒడ్డున పెద్ద తాబేలు ఒకటి చనిపోయి కనబడింది. వల దగ్గర కూర్చున్న పెద్దాయన అది ఆలివ్ రిడ్లే అని, చలికాలంలో గుడ్లు పెట్టడానికి ఈ ఒడ్డుకి వస్తాయని, వస్తూ వస్తూ కొన్ని వలల్లో చిక్కి ఊపిరాడక చచ్చిపోతాయని చెప్పాడు. పిల్లలు దాని చుట్టూ ఇసక పోగేసి పక్కన కూర్చున్నారు. ఆ సాయంత్రం సముద్రం అంటే వాళ్ళకి గుర్తుండేది అదే అనుకుంటాను.

కనుమ. పొట్టిక్కలు, కౌశిక గట్టు, ఎండ, డప్పులు. గంగలకుర్రు ప్రభ నీళ్ళలోకి దిగినప్పుడు ఒక్క క్షణం పక్కకి ఒరిగింది. గట్టంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టింది. అవతలి ఒడ్డున నిటారుగా లేచాక నా పక్కనున్న ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు, నేనూ తుడుచుకున్నాను. మా అత్తగారు తోటలో వ్యాఘ్రేశ్వరుడు రావడం, ప్రభలన్నీ లేవడం చూశారు. ఇంటికొచ్చాక నాలుగుసార్లు అందరికీ అదే చెప్పారు.

ముక్కనుమ నాడు అప్పనపల్లి కుదరలేదు. అంతర్వేదిలో దర్శనం బాగా అయింది. సఖినేటిపల్లి రేవులో పంటు కోసం రెండు గంటల పైనే నిలబడ్డాం. రైలు తప్పిపోతుందని భయం వేసింది. వెళ్ళేవాళ్ళు మధ్యాహ్నానికే రేవుకి చేరండి. చీకటి పడుతుండగా వశిష్ఠ మధ్యలోకి వచ్చాక మాత్రం ఆ తొందరంతా పోయింది.

దుబాయ్ తమ్ముడూ, మీ పుల్లేటికుర్రు ప్రభ ఫొటోలు మూడు కింద పెట్టాను. ఎవరికీ అడ్డం నిలబడకుండానే తీశాను.

దుబాయ్ కొబ్బరాకు (జనవరి 20, తెల్లవారుజాము 2:15)
చూశానక్కా. రెండో ఫొటోలో ఎడంపక్క ముందు భుజం పట్టింది మా తమ్ముడే.

రేవు మాస్టారు (జనవరి 20, ఉదయం 9:00)
మాఘమాసంలో భీష్మ ఏకాదశికి అంతర్వేది రథోత్సవం. అమ్మా, మీకు వీలైతే ఈసారి నరసాపురం వైపు నుంచే రండి. రేవులో నేను ఉంటాను.

సరుగుడు తోట (జనవరి 20, మధ్యాహ్నం 12:40)
ఆ పెద్దాయన మా నాన్నే అక్కా. హైదరాబాదు పిల్లలు తాబేలు పక్కన కూర్చున్నారని ఇంటికొచ్చి చెప్పాడు. మీరేనని ఇప్పుడు తెలిసింది.

లంక రైతు (జనవరి 20, సాయంత్రం 7:30)
అమ్మా, మీ అబ్బాయి చెప్పులు మా అరుగు కింద ఉండిపోయాయి, నీలంరంగువి. మా చిన్నోడు ఆదివారం హైదరాబాదు వస్తున్నాడు. చెప్పులతో పాటు నాలుగు కట్టల తేగలు, పది బొండాలు పంపుతున్నాను. స్టేషనుకి ఎవరు వస్తారో చెప్పండి.